మా అక్క కట్టిన చీకటి

మా అక్క కట్టిన ఊళ్ళో, అక్క పెట్టకుండా మొదట కనబడింది ఒక ఆవు. బూడిదరంగు ఆవు, కొమ్ముల్లేనిది. పడవల కొట్టం వెనక దిబ్బ మీద నిలబడి తీరిగ్గా గడ్డి మేస్తోంది. నేను కళ్ళకున్న హెడ్‌సెట్ పైకెత్తి అడిగాను.

"ఆవుని ఎప్పుడు పెట్టావక్కా?"

"ఏ ఆవు?" అంది రన్వా, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే. "గొర్రెలకే ఇంకా నడక రాలేదు. ఆవుల దాకా ఎక్కడొచ్చాను?"

"దిబ్బ మీద మేస్తోంది. తోక కూడా ఆడిస్తోంది."

అప్పుడు తిరిగింది. హెడ్‌సెట్ లాక్కుని తను పెట్టుకుంది. తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"తోక భలే ఆడిస్తోందే" అంది చివరికి, కొంచెం కుళ్ళుగా. "నేను చేసుంటే ఈ ఒక్క తోకకే నెల పట్టేది."

అది అక్టోబరు. మా ఫారో దీవుల్లో గొర్రెల కోతల కాలం. నాకు పదహారేళ్ళు, రన్వాకి ఇరవై ఒకటి. వీఆర్ గేములు తయారుచెయ్యడం నేర్చుకుంటానని కోపెన్‌హాగెన్ వెళ్ళి, చదువు సగంలో వదిలేసి వసంతంలో ఇంటికొచ్చేసింది. ఎందుకొచ్చేశావని ఎవరూ అడగలేదు. మా ఊళ్ళో అలాంటివి మొహం మీద అడగరు. అంగట్లో అడుగుతారు, అదీ ఆ మనిషి లేనప్పుడు. అమ్మ రాజధాని ఆసుపత్రిలో నర్సు, వారాంతాలకే వచ్చేది. ఇంట్లో ఉండేది నాన్న, నానమ్మ, మేమిద్దరం. నాన్న తన పడవని బయటికి లాగి, ఒడ్డున ఉన్న కొట్టం అక్కకి ఖాళీ చేసిచ్చాడు. "వచ్చే చలికాలానికి పడవ మళ్ళీ లోపల పెట్టాలి" అన్నాడు.

ఆ కొట్టంలో కూర్చుని రన్వా మా ఊరినే మళ్ళీ కట్టింది, నానమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేదో అలా. కరెంటు స్తంభాల్లేవు. తారురోడ్డు లేదు. కొండని తొలిచిన సొరంగం లేదు. నల్ల చెక్కల ఇళ్ళు, పైన గడ్డి కప్పులు, మధ్యలో రాతి గోడలు. హెడ్‌సెట్ పెట్టుకుంటే మనం నిలబడ్డ రాయి మీదే, డెబ్బై ఏళ్ళు వెనక ఉంటాం. ఆటలో కత్తులూ తుపాకులూ లేవు. ఆడేవాడి పని ఒక్కటే: పొయ్యి ఆరిపోయింది, పొద్దు గూకింది, ఊరి అవతల ఇంటికి పోయి నిప్పు అడుక్కుని, ఆ కణిక గాలికి ఆరిపోకుండా ఇల్లు చేరాలి.

అన్నిటికంటే ఎక్కువ కష్టపడింది చీకటి మీద. వేసవి మొత్తం దానికే పెట్టింది. "నలుపు రంగు పూస్తే చీకటైపోదే మార్యున్" అనేది నాతో. "సముద్రం వైపు చీకటి వేరు, గొర్రెల కొట్టంలో చీకటి వేరు. మనం పుట్టేసరికే అదంతా పోయింది. మనకి తెలిసింది దీపం ఆర్పిన గది మాత్రమే."

నానమ్మకి ఈ గోల నచ్చేది కాదు. "చీకటి అందంగా ఉంటుందనేవాళ్ళు ఒక్కరోజైనా లాంతరు గాజు తోమారా అంట. గుర్రానికి కట్టినట్టు కళ్ళకి గంతలు కట్టుకుని మరీ చీకట్లోకి పోతున్నారు" అనేది, వంటింట్లో ఉన్న దీపాలన్నీ వెలిగించుకుని కూర్చుని. అయినా రన్వా అడిగినవన్నీ చెప్పేది. ఏ ఇంటి తలుపు ఎటు తెరుచుకునేది, ఎవరింటి పొయ్యిలో నిప్పు ఎప్పుడూ ఆరేది కాదు, ఎవరు అడిగితే ఇచ్చేవాళ్ళు, ఎవరు మొహం చిట్లించుకుని ఇచ్చేవాళ్ళు.

అంగట్లో మాత్రం హానుస్ నన్ను వదిలేవాడు కాదు. ఊరి కరెంటు పెట్టె చూసుకునేది అతనే.

"ఏమ్మా, మీ అక్క ఇవాళ ఏ రాక్షసుణ్ణి చంపింది?"

"ఎవర్నీ చంపలేదు. నిప్పు తెచ్చుకుంటోంది."

"దానికంత కష్టమెందుకు? అగ్గిపెట్టె నేనిస్తాగా."

అంగడంతా నవ్వేది. నేను పాలడబ్బా తీసుకుని వచ్చేసేదాన్ని. అక్కకి చెప్పేదాన్ని కాదు గానీ, తనకి తెలుసు.

ఆవు కనబడ్డ కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం, రన్వా హెడ్‌సెట్ పెట్టుకుని లోపల దిబ్బ దగ్గరికి వెళ్ళింది. నేను పక్కన కూర్చుని ఎండిన మాంసం ముక్క నములుతూ చూస్తున్నాను. ఉన్నట్టుండి నిటారుగా నిలబడింది. పెద్దవాళ్ళ ముందు నిలబడ్డట్టు చేతులు దగ్గరికి తీసుకుంది.

"బావున్నారా అమ్మా" అంది, గాలితో.

ఏదో వింటున్నట్టు తల వంచింది. తర్వాత రెండు చేతులూ చాచింది, గిన్నె అందుకుంటున్నట్టు. చేతులు కొంచెం కిందికి దిగాయి.

"మార్యున్" అంది మెల్లిగా. "నా చేతిలో బరువుంది. పాలు. నురగ పొంగుతోంది."

నురగ అనగానే నమలడం ఆపేశాను. మా దీవుల్లో ఉయ్యాల్లో పిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. కొండల్లో దిబ్బల కింద మరుగు మనుషులుంటారు. మనలాగే ఆవుల్నీ గొర్రెల్నీ పెంచుకుంటారు, వాళ్ళకి ఇష్టమైతేనే మనకి కనబడతారు. వాళ్ళు తాగడానికేదైనా ఇస్తే వద్దనకూడదు, అవమానం. కానీ నురగతో తాగకూడదు. మరపు ఆ నురగలోనే ఉంటుంది. తాగినవాడికి ఇల్లు గుర్తుండదు.

"ఊదెయ్యక్కా. నురగ ఊదేసి తాగు."

బుగ్గలు పూరించి ఊదింది. కొట్టంలో బల్ల మీది దుమ్ము లేచింది. తల వెనక్కి వంచి తాగింది. గిన్నె తిరిగిచ్చి, ఏదో గౌరవంగా చెప్పి, హెడ్‌సెట్ తీసింది. పై పెదవి మీద తెల్లటి గీత ఉంది.

"ఎలా ఉన్నాయి?" అన్నాను.

"వెచ్చగా ఉన్నాయి" అంది. పెదవి తుడుచుకుని, మునిచేతిని చాలాసేపు చూసుకుంది.

మర్నాడు నేనూ వెళ్ళాను. ఆవిడ పొడుగ్గా ఉంది. నల్లటి జుట్టు, బూడిదరంగు గౌను, పొద్దున్నించీ ఎవర్నో కేకలేసి అలిసిపోయిన మొహం. వెనకాల ఒక ముసలాయన, నలుగురైదుగురు పిల్లలు, ఒక కుక్క. ఆ పిల్లలు నడక రాని మా అక్క గొర్రెల మీదెక్కి ఊరేగుతున్నారు. ఆవిడ మాట్లాడింది మా భాషే, నానమ్మ కూడా ఇప్పుడు వాడని మాటలతో. రన్వాని 'ఇంటిదానా' అని పిలిచేది.

"మీ తాతలకి ముందునించీ ఈ దిబ్బ కిందే ఉన్నాం ఇంటిదానా. మొదట వీధిలో దీపాలు పెట్టారు. కొండ వైపు జరిగాం. ఆ కొండని తొలిచి లోపలంతా దీపాలు పెట్టారు. నీళ్ళ వైపు జరిగాం. నీళ్ళ మీద వలలు కట్టి, అందులో పెంచే చేపలకి కూడా దీపాలు పెట్టారు. చేపలకెందుకమ్మా దీపాలు, చదువుకుంటాయా?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

"పొయ్యిలో నిప్పంటే మాకు భయం లేదు. ఆ తెల్ల వెలుగే, అది పడ్డచోట మేం నిలవలేం. ఎటు చూసినా అదే. దిబ్బలోనే ముడుచుకు కూర్చున్నాం. ఒక సాయంత్రం నువ్వు ఈ తలుపు తీశావు. లోపల మంచి చీకటి కనబడింది. నీ వెనకే వచ్చేశాం. అడక్కుండా వచ్చాం, తప్పే."

"ఇల్లు ఖాళీగానే ఉంది కదమ్మా" అంది రన్వా.

అలా అనడానికి ఎవరికైనా కొంచెం టైం పడుతుంది. అక్కకి పట్టలేదు.

ఆ తర్వాత ఆవిడ ఫిర్యాదులు మొదలయ్యాయి. పొయ్యిలో పొగ నేరుగా పైకి పోతోంది, పొగ అంటే ఇల్లంతా తిరిగి పోవాలి. ఎండుగడ్డికి వాసన లేదు. మెట్లన్నీ కొత్తగా ఉన్నాయి, మనుషులు తొక్కిన మెట్టు మధ్యలో అరగాలి. "అన్నీ పెట్టావు, గాలి మరిచిపోయావు. తలుపు సందులోంచి ఈల వెయ్యకపోతే అది ఇల్లెలా అవుతుంది? పిల్లలకి నిద్ర పట్టడం లేదు." రన్వా తలూపి బయటికొచ్చి కూర్చునేది. మర్నాటికి తలుపు సందులోంచి గాలి ఈల వేసేది. ఆవిడ చెవి పెట్టి విని, "ఇది ఉత్తరపు గాలి. ఆ తలుపు పడమటికి కదా" అనేది. అక్క మళ్ళీ కూర్చునేది.

అంత ఇష్టంగా పనిచెయ్యడం నేను ఎవరిలోనూ చూడలేదు. ఒకరోజు ఆ పని మధ్యలోనే, నేను అడక్కుండానే, కోపెన్‌హాగెన్ నించి ఎందుకొచ్చేసిందో చెప్పింది.

"అక్కడ నేనేం చేసినా ఒకటే ప్రశ్న, ఇందులో చంపడానికేముంది అని. నాకు జవాబు తోచేది కాదు, మొద్దుదాన్నేమో అనుకున్నాను. ఈవిడ అడుగుతోంది, ఇందులో ఉండటానికేముంది అని."

ఇవన్నీ మొదలవ్వక ముందే అక్క తన ఊరి వీడియో ఒకటి డెన్మార్క్‌లో గేములు అమ్మే కంపెనీకి పంపింది. వాళ్ళు అప్పటికే వచ్చేశారు కాబోలు, తనకి తెలియకుండానే అందులో, దూరంగా కొండవాలు మీద, గడ్డిమోపులు ఎత్తుకుని పోతున్న మనుషులు పడ్డారు. ఆ కంపెనీ ఆయన ఫోన్ చేశాడు. అక్క స్పీకర్లో పెట్టింది.

"ఊరు బావుంది. కానీ ఆ మనుషులున్నారే, ఆ మోపు బరువుకి నడుం వంగడం, ఆగి చెయ్యి మార్చుకోవడం... మా దగ్గర ఇంతమంది ఉండి కూడా ఇలాంటిది చెయ్యలేకపోయాం. ఎలా చేశారు?"

"అది నేను చెయ్యలేదండి."

"ఎవరు చేశారో చెప్పండి, వాళ్ళతోనూ మాట్లాడతాం. మనుషులతో సహా ఇస్తే మేం తీసుకుంటాం. లక్షలమంది లోపలికొచ్చి చూస్తారు."

రన్వా కిటికీలోంచి దిబ్బ వైపు చూసింది. "ఊరు నాది. మనుషులు నావాళ్ళు కారు. వాళ్ళకి కొత్తవాళ్ళంటే పడదు."

"మనుషుల్లేకపోతే కష్టమండి" అన్నాడాయన, మర్యాదగానే. ఫోన్ పెట్టేశాడు.

"పిచ్చి పట్టిందా నీకు?" అన్నాను నేను. నిజంగానే కోపం వచ్చింది. అంగట్లో హానుస్ నోరు మూయించే అవకాశం చేతిదాకా వచ్చి పోయింది.

"ఇంట్లో అద్దెకున్నవాళ్ళని ఇంటితో కలిపి అమ్ముతారా ఎవరైనా?" అని, మళ్ళీ తలుపు బందు మీదికి పోయింది.

వెనక అలికిడైతే చూశాను. నాన్న గుమ్మంలో ఉన్నాడు, చేతిలో మా ఇద్దరికీ భోజనం పళ్ళెం. ఎంతసేపటినించి ఉన్నాడో. పళ్ళెం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నెలాఖర్లో పెద్దగాలి లేచింది. పడవలు ఆగిపోయాయి, సొరంగం మూసేశారు, అమ్మ రాజధానిలోనే ఉండిపోయింది. సాయంత్రం, అప్పుడే చీకటి పడుతుండగా, కరెంటు పోయింది. మా ఇంట్లోనే కాదు, దీవి మొత్తం. కొట్టంలో కంప్యూటర్ కింద చిన్న బ్యాటరీ కీచుకీచుమంటోంది. రన్వా మొహం నాకు సరిగ్గా కనబడలేదు గానీ, గొంతులో కంగారు స్పష్టంగా వినబడింది.

"నాన్నని పిలు. పరిగెత్తు."

నాన్న వచ్చాడు. ఆయన వెనకే శాలువా చుట్టుకుని నానమ్మ. ఆ నెల్లో జరిగిందంతా రన్వా ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. ఆవు, పాలు, ఆవిడ, పిల్లలు. "ఈ మిషను ఆగిపోయి మళ్ళీ లేస్తే నేను కట్టినవన్నీ తిరిగొస్తాయి నాన్నా. నేను కట్టనివి రావు."

నాన్న బయటికెళ్ళి పడవ బ్యాటరీ పీక్కొచ్చాడు. తీగలు కలిపాడు. కీచుమనడం ఆగింది.

"గంట రావచ్చు" అన్నాడు. "దీని వయసు నీకు తెలుసుగా."

రన్వా హెడ్‌సెట్ పెట్టుకుని లోపలికెళ్ళింది. మేం ముగ్గురం చీకట్లో నిలబడి తను మాట్లాడేది వింటున్నాం. కాసేపటికి అంది, "బయట ఎలా ఉందని అడుగుతోంది. ఊరంతా చీకటేనా?"

తలుపు తెరిచి చూశాను. ఊళ్ళో వెలుగు లేదు. సొరంగం నోట్లో లేదు. సముద్రపు పాయలో చేపల వలల మీద లేదు. నా జీవితంలో మా ఊరిని అలా చూడలేదు. అక్క కట్టిన ఊరులాగే ఉంది.

"అంతా చీకటే."

"అయితే వెనకలోయకి పోతాం అంటోంది."

వెనకలోయ అంటే మా కొండ అవతల. అక్కడివాళ్ళు కరెంటు రాకముందే ఇళ్ళొదిలి వచ్చేశారు. ఇప్పుడు గొర్రెలు తప్ప ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ మరుగు మనుషులు అక్కడికి పోలేకపోయింది, మధ్యలో మా ఊరి దీపాలు అడ్డం ఉండబట్టే.

"ఊరి చివర రాతిగోడ దాటిస్తే చాలట. కానీ నా వెనక వచ్చారు కాబట్టి నా వెనకే పోవాలట. చెయ్యీ చెయ్యీ పట్టుకుని."

"గొలుసాట" అంది నానమ్మ వెంటనే. మా దీవుల్లో పండగకీ పెళ్ళికీ ఆడే ఆట అది. చేతులు కలుపుకుని, పాడుకుంటూ, రెండడుగులు ముందుకి, ఒకటి వెనక్కి. పాట అయ్యేదాకా చెయ్యి వదలకూడదు. "పాట పొడుగుది ఎత్తుకో. ఊరు చిన్నదేం కాదు."

"కంప్యూటర్ పక్కన లేకపోతే నేను గోడదాకా కాదు, వీధి మొదటికి కూడా పోలేను నానమ్మా. లోపలి ఊరు కనబడటం ఆగిపోతుంది."

నాన్న ఆ మిషను వైపు చూశాడు. బయటికెళ్ళి, కోతలప్పుడు మాంసం మోసే ఒంటిచక్రం బండి తోసుకొచ్చాడు. దాన్లో గొర్రెచర్మం పరిచాడు. కంప్యూటర్నీ బ్యాటరీనీ పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టి, పైన టార్పాలిన్ కట్టాడు.

"కరెంటు మధ్యలో వచ్చేస్తే?" అంది నానమ్మ.

ఎవరం ఆలోచించలేదు. నానమ్మ రుమాలు గడ్డం కింద బిగించి కట్టుకుంది. "మీరు నడవండి. నేను హానుస్ సంగతి చూస్తాను." ఆ గాలిలో, ఎనభై ఏళ్ళ మనిషి, గోడలు తడుముకుంటూ పోయింది.

అక్కడేం జరిగిందో తర్వాత హానుసే చెప్పాడు, చెప్పినప్పుడల్లా కొంచెం పెంచుతూ. అతను కరెంటు పెట్టె దగ్గర టార్చి పట్టుకుని ఉన్నాడు.

"ఆ టార్చి ఆర్పు" అంది నానమ్మ.

"కనబడదు పెద్దమ్మా."

"కనబడక్కర్లేదు. కరెంటొచ్చినా నేను చెప్పేదాకా ఊళ్ళోకి వదలకు."

"పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను?"

"గొర్రె గుద్దిందని చెప్పు."

"ఎవరి గొర్రె అంటే?"

"మాదే."

హానుస్ ఆలోచించాడట. ఈ దీవిలో కరెంటుని ఈవిడంత ప్రేమించే మనిషి లేదు, ఈవిడే వద్దంటోందంటే ఊరికే కాదు అనుకున్నాడట. టార్చి ఆర్పేశాడు. నానమ్మ అక్కణ్ణించి ఇల్లిల్లూ తిరిగి, ఎందుకైనా మంచిదని కొవ్వొత్తులూ ఫోన్లూ ఆర్పించింది.

మేం కొట్టం తలుపు తీసి బయల్దేరాం. రన్వా కళ్ళకి హెడ్‌సెట్. ఎడమ చెయ్యి నా చేతిలో. కుడి చెయ్యి వెనక్కి చాచి ఉంది, ఎవరి చేతినో పట్టుకుని. పక్కన నాన్న బండి. తనకి కనబడేది తను కట్టిన ఊరు. అందులో రోడ్డు లేదు, ముళ్ళకంచె లేదు, స్తంభాల్లేవు. అవన్నీ నేను చూడాలి.

"రోడ్డు అంచు వస్తోంది. అడుగెత్తి వెయ్యి."

"నాకిక్కడ గడ్డే ఉంది."

"నాకు రోడ్డుంది. ఎత్తి వెయ్యి. ఆఁ. ఇప్పుడు నా వైపు జరుగు, స్తంభం."

పాడటం మొదలుపెట్టింది. అక్క గొంతు అంత మంచిదేం కాదు, పైగా గాలి సగం ఎత్తుకుపోతోంది. మొదటి చరణం తను ఒక్కతే పాడింది. రెండో చరణంలో ఇంకో గొంతు కలిసిందనిపించింది. మూడో చరణానికి అనిపించడం కాదు. వెనకాల చాలా గొంతులు, లోగొంతుకతో, మేం ఎరగని మాటలతో అదే పాట. తడిగడ్డి మీద అడుగులు. ఆవు ఊపిరి.

"వెనక్కి చూడకు" అన్నాడు నాన్న నాతో. ఆయన కూడా చూడటం లేదు. చక్రాన్నే చూస్తూ, ప్రతి గతుకు దగ్గరా బండిని చేతుల మీద ఎత్తి దాటిస్తున్నాడు.

మేం పోతుంటే కిటికీల్లో కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. కొన్ని కిటికీల్లో మనుషులు నిలబడి ఉన్నారు. ఎవరూ బయటికి రాలేదు, ఎవరూ పిలవలేదు.

సగం దారిలో, సముద్రపు పాయ అవతలి ఊరు ఒక్కసారిగా వెలిగింది. కరెంటొచ్చేసింది. వెనక పాట తడబడింది. నేను మా వీధి స్తంభాల వైపు చూశాను, ఇప్పుడో ఇంకో క్షణానికో అనుకుంటూ. అవి గుడ్డిగానే నిలబడి ఉన్నాయి. రన్వా గొంతెత్తి ఆ చరణాన్ని మొదట్నించి ఎత్తుకుంది. ఒక్కో గొంతే మళ్ళీ వచ్చి చేరింది.

గోడ చేరేసరికి టార్పాలిన్ కింద, బ్యాటరీ అయిపోతోందని చెప్పే ఎర్రదీపం మిణుకుమంటోంది. "తొందరగా అమ్మాయ్" అన్నాడు నాన్న. తన ఊళ్ళో గేటు రన్వా భుజంతో నెట్టి తీసింది, మా ఊళ్ళో గేటు నేను తీశాను. రన్వా గేటు పక్కకి తప్పుకుని నిలబడింది. వాళ్ళు మా పక్కనించి దాటిపోయారు. కళ్ళకి ఏమీ కనబడలేదు. మా దీవుల్లో పూర్వం కట్టెలకి బదులు కాల్చిన మట్టిగడ్డల పొగ వాసన, తడిసిన ఉన్ని వాసన, ఆవు వాసన వరసగా వచ్చి పోయాయి. ఎవరో చిన్నవాళ్ళు నా కాలు తొక్కారు. తప్పయిందన్నట్టు నా మోకాలు నిమిరి పోయారు.

చివరికి రన్వా కుడి చేతిలో ఒక్క చెయ్యే మిగిలినట్టుంది. పాటలో ఆఖరి చరణం ఉంది. రన్వా పాడటం లేదు. తల వంచి వింటోంది.

"ఏమంటోందక్కా?"

నా చేతిలో తన వేళ్ళు వదులయ్యాయి.

నాకు తెలిసింది. ఆ నెల రోజులూ నేను చూసిన రన్వా అంతకు ముందు ఎప్పుడూ లేదు. ఈ ఊళ్ళో అగ్గిపెట్టె ఇస్తామని తనని చూసి నవ్వారు. ఆ ఊళ్ళో తనని ఇంటిదానా అన్నారు. నేను గట్టిగా పట్టుకోవచ్చు. పట్టుకోలేదు. వదల్లేదు కూడా. నా చెయ్యి ఎలా ఉందో అలాగే ఉంచాను. నాన్న బండి పిడులు పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. గాలి కూడా కాసేపు తగ్గినట్టుంది.

రన్వా ఆఖరి చరణం పాడింది. నెమ్మదిగా, ఒక్క మాటా మింగకుండా. పాట అయ్యాక చెయ్యి వదలాలి, ఆటలో నియమం అదే. కుడి చేతి వేళ్ళు విప్పింది. హెడ్‌సెట్ తీసింది. కళ్ళ చుట్టూ దాని అచ్చు పడింది, చెంపలు తడిగా ఉన్నాయి.

"రమ్మన్నారా?" అన్నాడు నాన్న.

"రమ్మన్నారు."

"ఏం చెప్పావు?"

"కట్టడం ఇంకా పూర్తి కాలేదని చెప్పాను."

నాన్న తలాడించి బండి వెనక్కి తిప్పాడు. కొంత దూరం దిగాక బ్యాటరీ చచ్చిపోయింది. కింద కరెంటు పెట్టె దగ్గర నానమ్మకి నేను చెప్పాను, అయిపోయిందని. "వదులు" అంది హానుస్‌తో. వీధంతా ఒకేసారి వెలిగింది. నానమ్మ స్తంభం కింద నిలబడి, తల పైకెత్తి, చలి కాచుకుంటున్నట్టు ఆ వెలుగుని మొహం మీద పడనిచ్చింది. హానుస్ మా బండినీ, అక్క మొహాన్నీ చూశాడు. టోపీ తీశాడు. నాన్న చేతుల్లోంచి బండి పిడులు తీసుకుని కొట్టందాకా తోశాడు.

మర్నాడు కంప్యూటర్ మామూలుగానే లేచింది. అక్క కట్టినవన్నీ ఉన్నాయి. దిబ్బ మీద ఆవు లేదు. రన్వా ఆ ఊరంతా ఒకసారి నడిచొచ్చి, గొర్రెల నడక ముందేసుకుంది.

ఆ ఆట బయటికి రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఏ కంపెనీకీ ఇవ్వలేదు, తనే విడుదల చేసింది. ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో మా ఊరి చీకట్లో నిప్పుకణిక పట్టుకుని నడుస్తుంటారు. అక్కకి ఉత్తరాలు రాస్తారు. ఎక్కువమంది రాసేది తలుపు సందుల్లో గాలి గురించి, మెట్ల మధ్య అరుగుదల గురించి. అవన్నీ ఎవరు చెప్తే పెట్టిందో రన్వా ఎవరికీ చెప్పదు. ఇప్పుడు తన దగ్గర ఈ దీవుల పిల్లలు ఆరుగురు పనిచేస్తున్నారు, అదే కొట్టంలో. నాన్న పడవ ఇంకా బయటే ఉంది. దానికి ఆయనే వేరే కప్పు వేసుకున్నాడు.

నాన్నకి ఇప్పటికీ హెడ్‌సెట్ అంటే తల తిరుగుతుంది, పెట్టుకోడు. ఈ మధ్య రేవులో కొత్తగా వచ్చిన పడవవాడెవడో ఆయన్ని అడిగాడు, మీ పెద్దమ్మాయి ఏం చేస్తుందని. నేను పక్కనే ఉన్నాను, గేములంటాడో కంప్యూటరంటాడో అని చూస్తున్నాను.

నాన్న తాడు ముడి బిగించి, చేతులు దులుపుకున్నాడు.

"ఇళ్ళు కడుతుంది" అన్నాడు.